చామనచాయ

తొమ్మిదో భాగం

పోయిన వారం తాయారును పెరంబూరు స్టేషను ఎదుట, కామేశం వీడియో గదికి ఎక్కే మెట్ల మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో కూతురి పెళ్ళి క్యాసెట్టు ఉంది. కూతురు లేదు. తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో పెళ్ళయిన వాసంతి నవంబరులో, ఏడో నెల కడుపుతో, ఊపిరాడక ఆసుపత్రి చేరేలోపే పోయింది. పురసవాక్కంలో బట్టల కొట్టు నడుపుకునే అల్లుడు వెంకట్రామ్ వేళకు తీసుకుపోలేదనీ, వాడి నిర్లక్ష్యమే తన బిడ్డను చంపిందనీ తాయారు గట్టిగా నమ్మింది. నలుగురి ముందు వాడిని నిలదీసింది కూడా. వాడు తల ఎత్తలేదు, బదులు చెప్పలేదు. తాయారు భర్త వరదరాజులు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కూతురు పోయిన రోజు నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పడం మానేశాడు.

ఆమె పైకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. కామేశం ఎవరిదో షష్టిపూర్తి క్యాసెట్టు కాపీ తీస్తున్నాడు. తెనాలి నుంచి కుర్రతనంలో వచ్చి, కోడంబాక్కం స్టూడియోల్లో ఇరవై ఏళ్ళు కెమెరా అసిస్టెంటుగా లైట్‌మీటరు మోసి, చివరికి పెళ్ళి వీడియోల్లో స్థిరపడ్డవాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. వాసంతి పోయాక పలకరించడానికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ వీధి మొదట్లోంచే తిరిగి వచ్చేశాడు.

"రండక్కా, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. క్యాసెట్టు ముందుకు చాచింది.

"ఇది పెట్టు తంబీ. పెట్టి, దీంట్లో నా బిడ్డ ఏడుండాదో చూపించు."

"పెళ్ళి క్యాసెట్టేగా అక్కా? మొదటి నుంచి చివరి దాకా అమ్మాయే కదా..."

"పెట్టు. చెప్తా."

కామేశం పెట్టాడు. నాదస్వరం మోగింది. మండపం, అరటిబోదెలు, పీటల మీద ఇద్దరూ. కెమెరా మెల్లగా పెళ్ళికూతురి దగ్గరికి పోయింది. తెర మీద ఒక తెల్లటి ముఖం నిలిచింది. దాంట్లో రెండు కళ్ళు ఉన్నాయి, పెదవులు ఉన్నాయి, బొట్టు ఉంది. ముక్కుకు అంచు లేదు. చెంపకు గుండ్రం లేదు. జడలోని మల్లెపూలూ నుదురూ ఒకే తెలుపై కలిసిపోయాయి.

"ఇది ఎవురు?" అంది తాయారు.

కామేశం నాదస్వరం శబ్దం తగ్గించాడు.

"నలభై దినాలుగా దినామూ పెట్టుకుని చూస్తా ఉండా. దగ్గరగా కూర్చుని చూసినా. గోడకాడికి పోయి చూసినా. నా వాసంతికి ఈడ, గడ్డం కింద, సైకిలు మీంచి పడిన మచ్చ ఉండాది. ఏదీ? ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉండాది. ఏదీ? అది చామనచాయ పిల్ల గదా. ఈ సున్నం కొట్టిన బొమ్మ ఎవురు తంబీ?"

"అక్కా..."

"ఆ తెలుపు తగ్గించు. నీకు తెలిసిన పనే గదా అది. ఇన్ని మిషన్లు పెట్టుకోనుండావు. తగ్గించి నా బిడ్డను నాకు చూపించు. నేను పోతా."

ఏం జరుగుతుందో కామేశానికి తెలుసు. అయినా ఆమె ముందు కాదనలేక టీవీ మీట తిప్పాడు. మండపం చీకటైంది. పెళ్ళికొడుకు తలపాగా మసకబారింది. వాసంతి ముఖం తెలుపులోంచి దిగింది కానీ చామనచాయకు రాలేదు. బూడిదరంగుకు దిగింది. మచ్చ లేదు, మెరుపు లేదు. ఒట్టి బూడిద.

తాయారు గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. దహనమైన మూడో రోజు పొద్దున అస్థికల మట్టికుండ పట్టుకుని వీధిలోకి నడిచి వచ్చిన భర్త ఆమె కళ్ళముందు మెదిలాడు. కామేశం చప్పున మీటను మళ్ళీ యథాస్థానానికి తిప్పేశాడు.

"ఇంతకంటే రాదక్కా. వెలుతురు తక్కువగా తీసి ఉంటే కొంచెం పైకి లాగేవాణ్ణి. ఎక్కువైపోతే ఏమీ చేయలేను. కెమెరాకు తెలుపులో ఒక హద్దుంది. అది దాటిన చోట ఏమున్నా టేపులోకి ఎక్కదు. మచ్చ ఎక్కదు, రంగూ ఎక్కదు. తగ్గించి చూపిద్దామంటే ఆ తెలుపు కింద ఏమీ లేదు."

"డిజిటల్ కెమెరా అంటివి. సింగపూర్‌నించి తెప్పించినా, కంటిరెప్ప వెంట్రుకలు గూడా లెక్కపెట్టుకోవచ్చు అంటివి."

"అన్నాను."

"మరి ఎందుకు ఇట్ల తీసినావు?"

కామేశానికి ఆ పెళ్ళిరోజు నిన్న జరిగినట్టు గుర్తుంది. ముహూర్తానికి అరగంట ముందు అతను కెమెరాలోకి ఎంత వెలుతురు రావాలో చూసే ఐరిస్‌ను తన చేత్తో తిప్పి, అమ్మాయి ముఖానికి సరిపోయేలా పెట్టుకున్నాడు. అప్పుడు తాయారు వచ్చింది. పెండ్లికొడుకు తెల్లగా ఉన్నాడనీ, పక్కన తన బిడ్డ నల్లగా పడితే వాళ్ళోళ్ళు క్యాసెట్టు వేసి చూసిన ప్రతిసారీ నవ్వుకుంటారనీ, కొంచెం తెల్లగా తియ్యమనీ చెవిలో చెప్పింది. అతను ఒక మెట్టు తెరిచాడు. ఆమె కెమెరాకు తగిలించిన చిన్న టీవీలో చూసి, ఇంకొంచెం అంది. ఆ కెమెరాలో ఒక ఏర్పాటు ఉంది. ఎక్కడైనా వెలుతురు హద్దు దాటితే కన్ను పెట్టి చూసే అద్దంలో ఆ చోట ఏటవాలు చారలు పాకుతాయి. తీసేవాడికి అది హెచ్చరిక. మొదట వాసంతి నుదుటి మీద చారలు వచ్చాయి. తర్వాత ముక్కు మీద. ఇంకొంచెం అనేసరికి చెంపలు, గడ్డం మొత్తం చారలైపోయాయి. అవన్నీ చూస్తూనే అతను రికార్డు మీట నొక్కాడు.

"తప్పు నాదే అక్కా" అన్నాడు.

"అట్ల చెప్పొద్దు."

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ మాట విని కామేశం తల ఎత్తాల్సి వచ్చింది.

"నేను ఏం అడిగినానో నాకు తెలుసు. ఈ మెట్లెక్కేటప్పుడూ తెలుసు. నీ నోటితో చెప్తావేమో అని చూస్తా ఉండా. మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు తంబీ. ఆయన మూగోడై కూర్చున్నాడు. వచ్చినోళ్ళందరూ పాపం తాయారు, పాపం తాయారు అంటారు. ఎవురో ఒకరు నా తప్పు నాతో చెప్పాల. చెప్పు."

కామేశం క్యాసెట్టు అట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"మీరు తెల్లగా తియ్యమన్నారు" అన్నాడు. "మూడుసార్లు అన్నారు. పోనీలే, కన్నతల్లి ముచ్చట అనుకున్నాను. కానీ ముఖం చెరిగిపోతోందని మీకు తెలియదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాణ్ణి. వద్దక్కా, పిల్ల మిగలదు అని ఒక్క మాట అనలేకపోయాను."

తాయారు అప్పుడు కూర్చుంది. కుర్చీ అంచున, ఎవరో లేపేస్తారన్నట్టు కూర్చుంది.

"అది పుట్టినప్పుడు మా అత్త ఎత్తుకుని, ఏమే, ఈ రంగు ఏడినించి తెచ్చినావే అనింది. ఆ మాట నాలో ఉండిపోయింది. ఆ పొద్దునించీ పెసరపిండి, పాలమీగడ, పసుపు. ఏడేండ్ల పిల్లను రుద్ది రుద్ది ఏడిపించినా. ఫోటో తీసేదానికి తీసుకుపోతే రెండు పొరలు పౌడరు. ఇంట్లో పన్నెండు ఫోటోలుండాయి. అన్నీ దించి చూసినా. పన్నెండింట్లోనూ పౌడరే. నా బిడ్డ ఒక్కదాంట్లో గూడా లేదు." ఆమె ఆగింది. "పోనీ, నా కండ్లలో ఉండాది గదా అనుకున్నా. నిన్న పొద్దున ముగ్గు వేస్తా, దాని ముఖం తలుచుకుందామని చూస్తే, తంబీ, ఈ తెల్ల బొమ్మే వచ్చింది. ఎంత తలుచుకున్నా ఇదే వస్తాది. నాకు భయమేసింది. అందుకే పరిగెత్తుకుని వచ్చినా."

కామేశం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద స్టేషనులోకి ఎలెక్ట్రిక్ బండి వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతను ఇనుప బీరువా తీసి, వెనక వరసలో చెయ్యి పెట్టి వెతకసాగాడు.

"ఒకటి ఉందక్కా" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "పెళ్ళికి ముందు రోజు మీ ఇంటికి వచ్చాను గుర్తుందా? కెమెరా అప్పటికి కొత్త. అమ్మాయి ముఖానికి ఎంత వెలుతురు పెట్టాలో చూసుకుందామని మేడగదిలో కిటికీ ముందు కూర్చోబెట్టి తీశాను. నా లెక్క కోసం తీసింది, ఎవరికీ ఇచ్చేది కాదు. మొదటి రెండు నిమిషాలు చూసి పక్కన పడేశాను. మిగతాది నేనూ చూడలేదు. అమ్మాయి పోయిందని తెలిశాక ముట్టుకోలేకపోయాను."

అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉన్న ఆ చిన్న టేపును కెమెరాలో పెట్టి, తీగ టీవీకి తగిలించాడు.

తెర మీద మండిపోతున్న కిటికీ. దాని ముందు ఒక నల్లటి ఆకారం. ముఖం లేదు.

"ఐయో, ఇదీ అంతేనా!"

"ఉండండక్కా."

టేపులో కామేశం గొంతే వినిపించింది. "ఆటోమేటిక్‌లో, మిషను ఇష్టానికి వదిలేస్తే ఇంతేనమ్మా. ఈ మిషను నీ వెనకున్న కిటికీని చూసి, అబ్బో చాలా వెలుతురుందే అనుకుని కళ్ళు చిన్నవి చేసుకుంటుంది. నిన్ను నల్లగా పడేస్తుంది. ఇప్పుడు నేను చేత్తో తిప్పుతాను, కదలకు."

నల్లటి ఆకారంలోంచి మెల్లగా ఒక నుదురు బయటపడింది. తర్వాత ముక్కు, ముక్కు పక్కన పుట్టుమచ్చ. వెనక కిటికీ, కొబ్బరాకులు తెల్లగా కరిగిపోతూ ఉంటే ముందు చెంపలు, పెదవులు, గడ్డం కింద అడ్డంగా మచ్చ. టేపులోని కామేశం అక్కడ చెయ్యి ఆపాడు. నూనె పెట్టి దువ్వుకున్న తల, మెడ దగ్గర కడిగినా పోని పసుపు, పౌడరు లేని చామనచాయ చెంప మీద జారుతున్న ఫిబ్రవరి ఎండ. వాసంతి నవ్వింది.

తాయారు కుర్చీని టీవీ దగ్గరికి ఈడ్చుకుంది. "తంబీ, కండ్లద్దాలు మరిచిపోయి వచ్చినా. నీవి ఇయ్యి" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. కామేశం తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. అది పెట్టుకుని ఆమె మరీ ముందుకు వంగింది.

"అయితే అంకుల్, మీ మిషనూ మా అమ్మా ఒకే మాదిరి" అంటోంది తెర మీద వాసంతి. "పక్కన ఏమి తెల్లగా ఉందో చూసి నన్ను నలుపు అంటారు."

టేపులో కామేశం నవ్వు వినిపించింది. వాసంతి మళ్ళీ అంది.

"రేపు అమ్మ వచ్చి తెల్లగా తియ్యమంటాది, చూడండి. తియ్యండి అంకుల్. పాపం, ఆమెకు ఆశ. ఎవురు ఏమంటారో అని ఇరవై మూడేండ్లుగా నాకన్నా ఎక్కువ ఆమే భయపడింది. కానీ ఒక్కటన్నా ఇట్ల తీసి పెట్టండి. ఎప్పుడన్నా అమ్మకే చూడాలని అనిపించొచ్చు."

తాయారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కళ్ళను కమ్మేస్తే బిడ్డ కనిపించదని, రెప్పలు గట్టిగా ఆర్పి ఆర్పి చూసింది. "ఇదే తంబీ, ఇదే. నవ్వితే ఈ పక్క పెదవి పైకి పోతాది. మరిచేపోయినా. నేను మరిచేపోయినా" అంది. కామేశం ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడి తన కళ్ళు తుడుచుకున్నాడు.

టేపులో కింద నుంచి ఎవరో కామేశాన్ని కేకేశారు. పందిరికి లైట్లు వచ్చాయట. "ఒక్క నిమిషం కూర్చోమ్మా, వచ్చేస్తా" అన్న మాట, మెట్ల మీద చెప్పుల చప్పుడు. కెమెరా ఆపడం మరిచిపోయాడు. స్టాండు మీద అది అలాగే చూస్తూ ఉంది.

ఒంటరిగా మిగిలిన వాసంతి మొదట గోరింటాకు చేతులు చూసుకుంది. తర్వాత నవ్వు వదిలేసి, ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, రెండో చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఊపిరి పైపైనే తీస్తోంది.

"ఏమైంది దానికి?" అంది తాయారు.

కామేశం గోడ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. ఇది అతనూ చూడని భాగం.

తెర అంచున పంచె కనిపించింది. ముఖం పడలేదు కానీ గొంతు పడింది. వరదరాజులు.

"మాత్ర వేసుకున్నావా మ్మా?"

"వేసుకున్నా నాయినా. మెట్లు ఎక్కినా గదా, అందుకే. తగ్గిపోతాది."

"వాసంతీ, అమ్మకు చెప్పేద్దాం. ఇంకా ఒక దినం టైముండాది. గుండెలో వాల్వు చెడిపోయిన పిల్ల బిడ్డను కనకూడదు, కంటే ప్రాణానికే వస్తాది అని ఆ డాక్టరమ్మ చెప్పినప్పటినించీ నాకు తిండి దిగలేదు మ్మా."

"వద్దు. చెప్తే పెండ్లి ఆపేస్తాది. ఆపకపోయినా నన్ను చూసినప్పుడల్లా ఏడుస్తాది. రంగుకే ఇంత ఏడ్చింది. గుండె గూడా బాగాలేదంటే అమ్మ తట్టుకోదు. నాకు ఒట్టేసినావు గదా."

"మరి ఆ అబ్బాయికి? అన్యాయం గదా వాసంతీ?"

"ఆయనకు చెప్పేసినా నాయినా. పోయిన ఆదివారం నేనే కొట్టుకు పోయి చెప్పేసినా."

పంచె ఒక అడుగు ముందుకు వచ్చింది. "ఏమన్నాడు?"

వాసంతి తల ఎత్తి తండ్రి వైపు చూసింది. కిటికీ వెలుగు ఆమె ముఖం మీద ఒక పక్కగా పడుతోంది. కళ్ళలో నీళ్ళు తిరగడం, పెదవి వణకడం, మళ్ళీ మెల్లగా నవ్వు రావడం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి స్పష్టంగా కనిపించాయి.

"ఆయన ఏమన్నాడంటే నాయినా..."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. "అయ్యయ్యో, ఆపకుండానే పోయానే!" కామేశం చెయ్యి తెరకు అడ్డం వచ్చింది. అంతే. తెర నీలంగా మారింది.

కామేశం పరుగున వెళ్ళి టేపు ముందుకు తిప్పాడు. మొత్తం నీలమే.

తాయారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. 

"ప్రతి ఆదివారమూ దాని ఇంటికి పోయేదాన్ని తంబీ" అంది.  "ఇంకా విశేషం ఏమీ లేదా, ఇంకా ఏమీ లేదా అని అడిగేదాన్ని. పెండ్లయి రెండు నెలలు గూడా కాలేదు అప్పటికి. అమ్మవారికి మొక్కుకున్నా. తొండియార్‌పేటలో ఒక నాటు వైద్యురాలు ఉంటే ఆమె దగ్గర మందు తెచ్చి నా చేత్తో తాపించినా. నేను ఆ మాట ఎత్తితే వెంకట్రామ్ లేచి బయటికి పోయేవాడు. మర్యాద తెలీనోడు అని తిట్టుకున్నా."

"అక్కా, మీకు తెలియదు కదా..."

"వాడికి తెలుసు గదా. తెలిసీ ఎట్ల..." ఆమె మాట మధ్యలో ఆపేసి లేచింది. "ఆ టేపు జాగ్రత్తగా పెట్టు. అది నాకు కావాల. ఇప్పుడు కాదు."

గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. వెనకే కామేశం దిగాడు. కింద, మెట్ల మొదట్లో వరదరాజులు నిలబడి ఉన్నాడు. ఎదురింటి పచ్చయమ్మ చెప్పిందేమో, భార్యను వెతుక్కుంటూ చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా వచ్చాడు. తాయారు ఆయనకు రెండు మెట్ల పైన ఆగింది.

"వెంకట్రామ్ ఏమన్నాడు?" అంది.

వరదరాజులు ఆమె ముఖం చూశాడు. పైన, తల వంచుకుని నిలబడ్డ కామేశాన్ని చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"దాని గుండె సంగతి వాడికి చెప్పినా అనింది. విన్నా. నీ గొంతూ విన్నా. నాకు తెలీకుండా ఇద్దరూ దాచినారు, సరే. బిడ్డ కావాలని నేనే దాని ప్రాణం తీసినా, సరే. వాడు ఏమన్నాడు? అది ఒక్కటి చెప్పు."

నలభై రోజుల తర్వాత ఆయన ఆమెతో మొదటిసారి మాట్లాడాడు.

"బిడ్డ కావాలని పట్టు పట్టింది వెంకట్రామ్ కాదు తాయారూ" అన్నాడు వరదరాజులు. "నువ్వూ కాదు."

తాయారు ఒక మెట్టు దిగి ఆయన పక్కన కూర్చుండిపోయింది.

"మరి ఎవురు?"

ఆయన లేచాడు. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు.

"పురసవాక్కం పోదాం పద. అది వాడి ఎదురుగానే నేను చెప్పాల."